రాయలచెరువు కట్ట, వాతావరణ బ్లాగు, మర్నాటి పత్రిక: 2021 నవంబరు వానల మీద ఒక కేస్ స్టడీ

బ్లాగులను నమ్మాలా, పత్రికలను నమ్మాలా అన్న ప్రశ్నకు గదిలో కూర్చుని జవాబు చెబితే ఆ జవాబు చెప్పేవారి వైపే మొగ్గుతుంది. పత్రికల్లో పెరిగినవారు పత్రికలను వెనకేసుకొస్తారు. ఇంటర్నెట్‌లో రాసేవారు ఇంటర్నెట్‌ను వెనకేసుకొస్తారు. నేను చాలాకాలం ఒక పత్రిక జిల్లా డెస్కులో, అంటే విలేకరులు పంపిన వార్తలను సరిదిద్ది పేజీలో పెట్టే చోట, పనిచేసి ఇప్పుడు తిరుపతిలో వార్తారచన నేర్పుతున్నాను. అందువల్ల ఒకే సంఘటనను తీసుకుని, దాని మీద ఎవరు ఏ గంటకు ఏం చెప్పారో వరుసగా పేర్చి, ఆ తర్వాతే మాట్లాడాలని నా విద్యార్థులతో కలిసి పూనుకున్నాను. మేము ఎంచుకున్నది 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలు.

ఆ వానలనే ఎంచుకోవడానికి కారణం ఉంది. రాజకీయ వార్త అయితే ఎవరు నిజం చెప్పారన్నది ఏళ్ల తరబడి తేలదు. వాన అలా కాదు. వర్షమాపకంలో నీళ్లు ఉంటాయి, లేదా ఉండవు. చెరువు తెగుతుంది, లేదా తెగదు. ఎవరి మాట నిలిచిందో, ఎవరి మాట వీగిపోయిందో కొద్ది రోజుల్లోనే బయటపడుతుంది. పైగా ఆ వారం సమాచారం విలువ ప్రాణాలతో ముడిపడి ఉంది. అలాంటి చోట విశ్వసనీయత అనే మాటకు అలంకారం ఏమీ మిగలదు.

ఆ వారం జరిగింది

బంగాళాఖాతంలో ఏర్పడిన వాయుగుండం 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెన్నై దగ్గర తీరం దాటింది. అంతకు ముందు రోజు నుంచే తిరుపతి, తిరుమల మీద కుండపోత మొదలైంది. తూర్పు నుంచి వచ్చే తేమగాలులకు శేషాచలం కొండలు అడ్డుగోడలా నిలుస్తాయి. గాలి కొండనెక్కుతూ చల్లబడి, మోసుకొచ్చిన తేమను అక్కడే కుమ్మరిస్తుంది. కపిలతీర్థం జలపాతం ఉప్పొంగింది. కొండ మీది నీళ్లు వాగులై నగరంలోని వీధుల్లోకి దిగాయి. ఘాట్ రోడ్ల మీద కొండచరియలు విరిగిపడ్డాయి. శ్రీవారి మెట్టు నడకదారి దెబ్బతింది. కల్యాణి డ్యాం నుంచి నీళ్లు వదలడంతో స్వర్ణముఖి పొంగి, తిరుచానూరు వైపు ఒడ్డున ఉన్న ఇళ్లను కోసేసింది.

19వ తేదీ ఉదయమే పొరుగున కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లు దెబ్బతిన్నాయి, ఎందరో కొట్టుకుపోయారు. ఈ విషయం గుర్తుంచుకోకపోతే, రెండు రోజుల తర్వాత రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్ట నుంచి నీరు కారుతోందన్న వార్తకు జనం ఎందుకు అంతగా వణికిపోయారో అర్థం కాదు.

ఏం సేకరించాం, ఎలా చూశాం

తెలుగు దినపత్రికల చిత్తూరు జిల్లా పేజీలు గ్రంథాలయం నుంచి తెచ్చుకున్నాం. (తిరుపతి జిల్లా ఇంకా ఏర్పడలేదు, అది 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది.) టీవీ వార్తల్లో విద్యార్థులు, వారి బంధువులు ఫోన్లలో దాచుకున్న ముక్కలు, వాతావరణ శాఖ బులెటిన్లు, తితిదే ప్రకటనలు, వాతావరణం మీద తెలుగులో, తమిళంలో రాసే బ్లాగర్ల రాతలు, వాట్సాప్‌లో తిరిగిన సందేశాలు చేర్చాం. ప్రతిదానికీ వెలువడిన సమయం వేశాం. సమయం తేలని వాటిని విడిగా కట్టగట్టాం. ఆ కట్ట కూడా మాకు చాలా నేర్పింది, ఆ సంగతి తర్వాత. చివరగా లీలామహల్ ప్రాంతంలోని దుకాణదారులను, తిరుచానూరు, రామచంద్రాపురం వైపు కుటుంబాలను కలిసి ఒకే ప్రశ్న అడిగాం: ఆ రోజుల్లో మీరు తీసుకున్న నిర్ణయం ఏమిటి, ఎవరి మాట విని తీసుకున్నారు?

బ్లాగు అన్న మాట ఇక్కడ ఏ అర్థంలో వాడుతున్నానో ముందే చెప్పాలి. 1999లో బ్లాగర్ అనే వెబ్ సేవ వచ్చాక సొంతంగా రాసి ప్రచురించుకోవడం సామాన్యుల చేతికి అందింది. తెలుగులో టైపు చేయడానికి లేఖిని, బ్లాగులన్నిటినీ ఒకచోట చూపే కూడలి లాంటి వేదికలు వచ్చాక ఆ రాతకు ఒక ఊపు వచ్చింది. తర్వాత చాలామంది రాత ఫేస్‌బుక్‌కు, యూట్యూబ్‌కు మళ్లింది. వేదిక ఏదైనా, సంస్థ అండ లేకుండా, సొంత పేరుతో, ఒకే విషయం మీద క్రమం తప్పకుండా రాసేవారిని ఈ అధ్యయనంలో బ్లాగరుగా లెక్కించాం. పేరు, ఊరు లేకుండా తిరిగే సందేశాన్ని బ్లాగుగా లెక్కించలేదు. ఈ తేడా పాటించకపోతే బ్లాగులకు పుకార్ల మకిలి అన్యాయంగా అంటుకుంటుంది.

వాతావరణం మీద ఇలా రాయడంలో మన పొరుగున చెన్నైకి చెందిన ప్రదీప్ జాన్ ముందు నడిచారు. 2015 వరదల వేళ తమిళనాడులో ఆయన రాతల కోసం లక్షల మంది ఎదురుచూశారు. మన తిరుపతికి చెందిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు సాయి ప్రణీత్ ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్ పేరుతో రాస్తారు. రైతులకు స్థానిక భాషలో వాతావరణ సమాచారం అందిస్తున్నందుకు 2021 జూలైలో మన్ కీ బాత్‌లో ప్రధాని ఆయన కృషిని ప్రస్తావించారు. అంటే నవంబరు వానలు వచ్చేనాటికే ఇక్కడి జనానికి ఇలాంటి రాతలు చదివే అలవాటు ఉంది.

వానకు ముందు: బ్లాగు ఎందుకు పనికొచ్చింది

వాతావరణ శాఖ హెచ్చరిక జిల్లా మొత్తానికి ఒకే రంగులో వస్తుంది. పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోండి అని అర్థం. అప్పటి చిత్తూరు జిల్లా ఒక కొసన సముద్రానికి దగ్గరగా సత్యవేడు, మరో కొసన కర్ణాటక సరిహద్దులో కుప్పం. ఈశాన్య రుతుపవనాల వాన ఈ రెండు చోట్లా ఒకేలా పడదని చిత్తూరు జిల్లాలో పుట్టిన ఎవరికైనా తెలుసు. ఒకే రంగు రెండింటికీ వేస్తే కుప్పం రైతు ఆ రంగును లెక్కచేయడం మానేస్తాడు, సత్యవేడు రైతుకు అది చాలదు.

పత్రిక ఆ రంగును ఉన్నది ఉన్నట్టు అచ్చు వేసింది. అందులో తప్పేమీ లేదు. అధికారిక హెచ్చరికను మార్చి రాయడానికి డెస్కుకు హక్కు లేదు, ఉండకూడదు. కానీ తిరుపతిలో ఉన్నవారికి కావలసింది ఆ రంగు వెనక ఉన్న కథ. గాలి ఎటు నుంచి వస్తోంది, కొండ ఏం చేస్తుంది, వాన పగలు ఎక్కువా రాత్రి ఎక్కువా, శ్రీకాళహస్తి వైపు ముందు పడుతుందా తిరుపతిలోనా. మేము చూసిన మంచి బ్లాగులు ఈ ప్రశ్నలకే జవాబు చెప్పాయి. కంప్యూటర్ లెక్కలతో వాతావరణాన్ని అంచనా వేసే యూరప్, అమెరికా నమూనాలు రెండూ ఏం చూపుతున్నాయో, ఎక్కడ విభేదిస్తున్నాయో రాశాయి. అమెరికా నమూనా ఆరు గంటలకొకసారి కొత్త అంచనా ఇస్తుంది. దాన్ని చూసి బ్లాగరు సాయంత్రం రాసినదాన్ని రాత్రి సవరించగలడు. పత్రికకు ఆ వెసులుబాటు లేదు. మండల వార్తల పేజీలు సాయంత్రానికే ముగుస్తాయి, ఆ తర్వాత వచ్చిన మార్పు ఎంత ముఖ్యమైనదైనా మర్నాడు పాఠకుడి గుమ్మంలో పడేది నిన్నటి సాయంత్రపు మాటే.

లీలామహల్ దగ్గర బట్టల దుకాణం నడిపే ఒకాయన చెప్పిన మాట ఇది: "పేపర్లో భారీ వర్షాలని ప్రతి ఏడాదీ చదువుతాం సార్. కానీ ఈసారి కొండ మీద నుంచి నీళ్లు దిగుతాయని ఆ అబ్బాయి రాశాడు. అది చదివి కింది అరల్లోని సరుకంతా పైకి ఎక్కించాను." ఆయన నిర్ణయానికి అసలు కారణం వాన పడుతుందన్న సమాచారం కాదు, నీళ్లు ఎటు నుంచి వస్తాయన్న వివరం. ఉపయోగం ఎక్కడ పుడుతుందో ఈ ఒక్క మాట చెబుతుంది.

రెండు అంకెలు, రెండూ నిజమే

ఒక విద్యార్థిని ఒక రోజు ఆవేశంగా రెండు కాగితాలు తెచ్చి నా ముందు పెట్టింది. ఒకే ఊరికి, ఒకే తేదీకి పత్రికలో ఒక వర్షపాతం, బ్లాగులో మరో వర్షపాతం. రెండింటి మధ్య చాలా తేడా. ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారని ఆమె తీర్పు.

ఆ రెండు కాగితాల మీద మేము చాలాసేపు కూర్చున్నాం. మన దేశంలో అధికారిక వర్షపాతం ఉదయం 8.30 గంటలతో ముగిసిన 24 గంటలకు లెక్కిస్తారు. అంటే 19వ తేదీ అంకెలో చాలా భాగం 18న కురిసిన వాన. బ్లాగరు ఇచ్చింది ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం నుంచి ఆ పూట వరకు నమోదైన లెక్క. పైగా ఆ రెండు మాపకాలు ఒకే చోట లేవు. కొండ పాదాన ఉన్న మాపకానికీ, నగరం తూర్పున ఉన్న మాపకానికీ తేడా ఉండి తీరుతుంది. రెండు అంకెలూ నిజమే. వాటి పక్కన సమయం, చోటు రాయకపోవడం వల్లే అవి పోట్లాడుకుంటున్నట్టు కనిపించాయి.

విశేషణాల విషయం కూడా ఇక్కడే తేలింది. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు పడితే భారీ వర్షం, 115.6 నుంచి 204.4 వరకు అతి భారీ, 204.5, ఆపైన అత్యంత భారీ. ఈ మాటలకు కొలత ఉంది. మేము చూసిన వార్తల్లో, బ్లాగుల్లో రెండు చోట్లా ఈ మాటలను భావోద్వేగం కోసం వాడేసిన సందర్భాలు కనిపించాయి. 100 మిల్లీమీటర్ల వాన ఒక్క ఎకరం మీద సుమారు 4 లక్షల లీటర్ల నీరు. ఈ ఒక్క అంకె రాస్తే పాఠకుడికి విశేషణం అక్కర్లేదు. డెస్కులో కూర్చునే పిల్లలకు నేను పదేపదే చెప్పేది ఇదే.

రైల్వే వంతెన కింద

ఈ వానలకు సుమారు నెల ముందు, 2021 అక్టోబరులో, తిరుపతి వెస్ట్ చర్చి దగ్గర రైల్వే వంతెన కింద నిలిచిన వర్షపు నీటిలో ఒక వాహనం చిక్కుకుంది. శ్రీవారి దర్శనానికి వచ్చిన కుటుంబంలోని నవవధువు ప్రాణాలు కోల్పోయింది. పత్రికలు మర్నాడు ఆ విషాదాన్ని రాశాయి, అధికారులను నిలదీశాయి. ఆ పని పత్రికలే చేయగలవు. సంబంధిత శాఖను ఫోనులో పట్టుకుని వివరణ అడగడానికి, ఆ వివరణను అచ్చులో నిలబెట్టడానికి సంస్థ బలం కావాలి.

కానీ ఆ రాత్రి ఆ దారిన వచ్చే బయటి ఊరి డ్రైవరుకు వంతెన కింద నీళ్లున్నాయని ఎవరు చెప్పాలి? ఈ ప్రశ్న మా అధ్యయనం పొడుగునా నన్ను వెంటాడింది. ఆ కబురు చెప్పగలిగేది పక్క వీధిలో ఉన్న మనిషి, అదీ ఆ నిమిషంలోనే. నవంబరు వానల్లో నగరంలోని కొందరు కుర్రవాళ్లు ఏ వీధిలో మోకాలి లోతు ఉంది, ఏ వంతెన మూసేశారు అన్నది ఫొటోతో సహా రాస్తూ వచ్చారు. వారిలో చాలామందికి వార్తారచన తెలియదు. వాక్యాలు కుదరలేదు, అక్షరదోషాలు కొల్లలు. అయినా ఆ రాత్రి వారు రాసినది ప్రాణం కాపాడే స్థాయి సమాచారం. వారి పట్ల పాత్రికేయుల్లో ఇప్పటికీ కనిపించే చిన్నచూపు నాకు నచ్చదు.

రాయలచెరువు

శ్రీకృష్ణదేవరాయల కాలం నాటిదని చెప్పుకునే రాయలచెరువు ఈ ప్రాంతంలో పెద్ద చెరువుల్లో ఒకటి. ఆ వానలకు అది నిండుకుండలా మారింది. నవంబరు 21న కట్టకు ఒకచోట నీరు ఊరుతున్నట్టు గమనించి, దిగువ గ్రామాల వారిని అధికారులు ఖాళీ చేయించారు. ఇసుక బస్తాలు, మట్టి వేసి కట్టను బలపరిచారు. చెరువు తెగలేదు.

తెగలేదన్న ఈ చిన్న మాట కోసం ఆ రాత్రి దిగువ గ్రామాల్లో ఎంతమంది కళ్లు కాయలు కాచాయో. ఒకవైపు చెరువు తెగిపోయింది, పరుగెత్తండి అన్న సందేశాలు తిరిగాయి. వాటికి జోడించిన వీడియోల్లో ఒకటి వేరే చోటిది. మరోవైపు ఏమీ కాలేదు, పుకార్లు నమ్మవద్దు అన్న సందేశాలు. అవీ ఎవరు రాశారో తెలియనివే. మొదటిది నమ్మినవారు చీకట్లో పిల్లలను చంకనేసుకుని నీళ్లు నిండిన దారుల్లో పడ్డారు. రెండోది నమ్మినవారు ఖాళీ చేయమన్న అధికారులతో వాదనకు దిగారు. భయపెట్టే పుకారు ఎంత ప్రమాదమో, ధైర్యం చెప్పే పుకారూ అంతే ప్రమాదం.

వానకు ముందు అంత బాగా పనికొచ్చిన వాతావరణ బ్లాగులు ఇక్కడ ఏమీ చేయలేకపోయాయి. కారణం స్పష్టం. వానను ఉపగ్రహ చిత్రం నుంచి, నమూనాల నుంచి దూరాన కూర్చుని చదవవచ్చు. కట్టలో ఊటను అలా చదవలేం. అక్కడ నిలబడాలి, నీరు తేటగా వస్తోందా మట్టితో కలిసి వస్తోందా చూడాలి. తేట నీరు వస్తుంటే ఇంకా సమయం ఉన్నట్టు. బురద నీరు వస్తుంటే కట్ట లోపల మట్టి కోసుకుపోతున్నట్టు. ఈ సంగతి చెరువు కింద సేద్యం చేసిన పెద్దవాళ్లకు తెలుసు, నీటిపారుదల ఇంజినీరుకు తెలుసు. వారిద్దరినీ అడిగి రాసింది పత్రికల మండల కంట్రిబ్యూటర్లు, అంటే మండలం నుంచి వార్తలు పంపే విలేకరులు.

రామచంద్రాపురం వైపు ఒక రైతు ఇంట్లో మేము కూర్చున్నప్పుడు ఆయన తల్లి అన్న మాట విద్యార్థులందరూ రాసుకున్నారు. "ఫోన్లో నూరు మంది నూరు చెప్పినారు నాయనా. మా విలేకరి పిల్లోడు కట్ట మీద నుంచి దిగివచ్చి, అవ్వా బయలుదేరండి, తెగలేదు కానీ ఉండకూడదు అన్నాడు. అప్పుడు లేచినాము." తెగలేదు, కానీ ఉండకూడదు. ఆ రాత్రి తిరిగిన సందేశాల్లో ఇంత కచ్చితమైన వాక్యం మాకు మరొకటి దొరకలేదు. తెలిసినది ఇంత, చేయవలసినది ఇది అని రెండూ విడదీసి చెప్పింది.

సమయం తేలని కట్ట

ముందు చెప్పిన ఆ విడి కట్టలో ఏముందో చూడండి. అందులో చాలా భాగం ఒకప్పుడు నమ్మదగిన సమాచారమే. బ్లాగరు తేదీ, సమయం వేసి రాసిన అంచనాను ఎవరో ఫోనులో బొమ్మగా తీసి పంపారు. పంపేటప్పుడు పైభాగం కత్తిరించారు. పేరు పోయింది, తేదీ పోయింది, కింద బ్లాగరు చేర్చిన సవరణ కూడా పోయింది. 17న సరైనదైన అంచనా 20న తిరుగుతూ తప్పుగా మారింది. పత్రిక క్లిప్పింగుదీ అదే గతి. ఎడిషన్ పేరు, తేదీ ఉన్న అంచు కత్తిరిస్తే ఎప్పటిదో వరద వార్త ఈనాటిదై కూర్చుంటుంది.

విశ్వసనీయత పత్రికకో బ్లాగుకో పుట్టుకతో అంటుకున్న గుణం కాదని నేను గట్టిగా నమ్మడానికి ఈ కట్టే కారణం. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎక్కడ నిలబడి చెప్పారు, తర్వాత మార్చారా అన్న నాలుగు దారాలు తెగకుండా పాఠకుడి దాకా వస్తే ఏ మాధ్యమమైనా నమ్మదగినదే. అవి తెగితే వందేళ్ల పత్రిక కూడా పుకారే.

పైకి లేచిన సంపు

వానలు తగ్గాక తిరుపతి శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంట్లో సిమెంటు రింగులతో కట్టిన భూగర్భ సంపును శుభ్రం చేస్తుండగా అది భూమిలోంచి అమాంతం పైకి లేచింది. దృశ్యాలు దేశమంతా తిరిగాయి. కొన్ని టీవీ కార్యక్రమాలు దాన్ని వింతగానే చూపి వదిలేశాయి. వీధిలో దైవలీల అన్నవారూ ఉన్నారు, భూకంపానికి సూచన అన్నవారూ ఉన్నారు.

విషయం ఆర్కిమెడిస్ సూత్రం: నీటిలో మునిగిన వస్తువును, అది పక్కకు నెట్టిన నీటి బరువంత బలం పైకి తోస్తుంది. భూగర్భజలం పైదాకా వచ్చి నేల బురదైపోయింది. సంపులోని నీటిని తోడేయడంతో అది ఖాళీ పడవ అయింది. కొంచెం లెక్క వేస్తే ఎంత తేలికో అర్థమవుతుంది. ఉదాహరణకు బయటి వ్యాసం 1.2 మీటర్లు, గోడ మందం 7 సెంటీమీటర్లు ఉన్న రింగులు అనుకుందాం. ప్రతి మీటరు లోతుకు అది పక్కకు నెట్టే నీటి బరువు సుమారు 1,130 కిలోలు. ఆ రింగుల కాంక్రీటు బరువు సుమారు 600 కిలోలే. లోపల నీరు ఉన్నంతకాలం అది కదలదు. నీరు తోడాక పైకి తోసే బలమే గెలుస్తుంది.

ఈ వివరణను కొందరు ఇంజినీర్లు తమ సొంత రాతల్లో బొమ్మ గీసి మరీ చెప్పారు. ఇది పత్రికలు చేయలేని పని కాదు. చేయడానికి డెస్కులో సైన్సు చదివిన మనిషి, పేజీలో చోటు రెండూ ఒకేసారి ఉండాలి. నిపుణుడు తన పాఠకుడితో మధ్యవర్తి లేకుండా మాట్లాడగలగడం బ్లాగుకున్న అతిపెద్ద బలం. వానలు తగ్గాక ఇంటి సంపు మొత్తం ఒకేసారి తోడకూడదన్న జాగ్రత్త కూడా ఆ రాతల్లోనే మాకు కనిపించింది. ఆ వీధిలోని ప్రతి ఇల్లాలికీ అక్కరకు వచ్చే మాట అది.

తితిదే విషయంలో మాత్రం బ్లాగుల అవసరమే కనపడలేదు. నడకదారులు ఎప్పుడు తెరుస్తారు, వానల వల్ల రాలేకపోయిన దర్శనం టికెట్ల సంగతేమిటి అన్న ప్రశ్నలకు అధికారిక ప్రకటన, దాన్ని యథాతథంగా ఇచ్చిన పత్రిక సరిపోయాయి. దెబ్బతిన్న శ్రీవారి మెట్టు దారి 2022 మేలో తిరిగి తెరుచుకుంది. ఈ మధ్యలో ఇదిగో తెరిచారు అంటూ వచ్చిన సొంత వీడియోలు నమ్మి శ్రీనివాస మంగాపురం దాకా వెళ్లి వెనక్కి వచ్చిన భక్తులు మాకు తారసపడ్డారు.

డబ్బు సంగతి

ఈ పోలికలో డబ్బు గురించి మాట్లాడకపోతే అది నిజాయతీ గల అధ్యయనం కాదు. 2009 ఎన్నికల తర్వాత చెల్లింపు వార్తల (డబ్బు తీసుకుని వార్తలుగా అచ్చువేసే ప్రచారం) మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో ఉపసంఘం వేసింది. పరంజయ్ గుహా ఠాకుర్తాతో పాటు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి అందులో ఉన్నారు. 2010లో వారు ఇచ్చిన నివేదిక చదివితే పత్రికలో అచ్చయింది కనుక పరిశీలించినదే అన్న నమ్మకం సడలుతుంది. మండల కంట్రిబ్యూటరుకు జీతం ఉండదు, లైన్ అకౌంటు (అచ్చయిన వరుసలను బట్టి ఇచ్చే డబ్బు) ఉంటుంది, ప్రకటనలు తెచ్చే బాధ్యత కూడా ఉంటుంది. ఈ ఏర్పాటు మారనంత కాలం ఆ బలహీనత ఉంటుంది.

బ్లాగరుకూ ఆ చిక్కు ఉంది. డబ్బు తీసుకుని చేసే ప్రచారాన్ని స్పష్టంగా చెప్పాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో నియమాలు తెచ్చింది. పాటించేవారు ఉన్నారు, పాటించనివారు ఉన్నారు. తేడా ఒకటే: పత్రికలో ముద్రాపకుడి పేరు, ప్రచురణకర్త పేరు, సంపాదకుడి పేరు అచ్చు వేయడం చట్టం కోరే విధి. తప్పు జరిగితే ఎవరి మీద ఫిర్యాదు చేయాలో పాఠకుడికి తెలుసు. పత్రికల మీద ఫిర్యాదు వినడానికి ప్రెస్ కౌన్సిల్ ఉంది. బ్లాగుల మీద ప్రెస్ కౌన్సిల్‌కు అధికారం లేదు.

అయితే బ్లాగులు పత్రికలకు, టీవీకి కాపలా కాసిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. 2004 సెప్టెంబరులో అమెరికాలో సీబీఎస్ టీవీ, ఆ దేశ అధ్యక్షుడు బుష్ సైనిక సేవ గురించి కొన్ని పత్రాలు చూపింది. ఆ పత్రాల్లోని అక్షరాల పొందిక 1970ల టైపు మిషన్లది కాదని కొద్ది గంటల్లోనే ఇంటర్నెట్‌లో ప్రశ్నలు మొదలయ్యాయి. రెండు వారాలు తిరక్కుండానే ఆ సంస్థ క్షమాపణ చెప్పింది. అదే ఏడాది డిసెంబరు సునామీ వేళ మన దేశం నుంచే కొందరు బ్లాగర్లు కలిసి సహాయ సమాచారమంతా ఒకచోట చేర్చారు. ఈ రెండు ఉదాహరణలూ తరగతిలో చెబుతాను. పెద్ద గదిలో ఒక సంపాదకుడి కన్ను తప్పించుకున్నది వేల కళ్ల ముందు తప్పించుకోలేదన్నది నిజం.

మేము ఏం మార్చుకున్నాం

ఈ అధ్యయనం తర్వాత మా శిక్షణలో ప్రతి వాన వార్తకూ అంకె పక్కన ఏ గంట నుంచి ఏ గంట వరకు, ఏ కేంద్రం అన్నది రాయడం తప్పనిసరి చేశాం. బ్లాగు నుంచి తీసుకున్న సమాచారానికి బ్లాగరు పేరు రాయడం, ఆయనతో ఫోనులో మాట్లాడాకే వాడడం నియమం చేశాం. అంచనా తప్పినప్పుడు ఆ రాతను ఉంచి కింద సవరణ రాసే బ్లాగరును ఒక కట్టలో, గుట్టుగా తీసేసే బ్లాగరును మరో కట్టలో పెట్టాం. రెండో కట్టలోని వారిని మళ్లీ వాడం, వారి అంచనాలు ఎన్నిసార్లు నిజమైనా సరే.

2023 డిసెంబరు మొదట్లో మిచౌంగ్ తుపాను వేళ ఇది పరీక్షకు నిలిచింది. తుపాను 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందే తిరుపతి జిల్లాలో కుండపోత. విద్యార్థులు అధికారిక హెచ్చరికను ముందు పెట్టి, బ్లాగుల నుంచి ఏ వైపు ఎప్పుడు ఉద్ధృతి అన్నది పేర్లతో చేర్చి, చెరువుల సంగతి మండలాల నుంచి ఫోను చేసి కనుక్కుని రాశారు. 2024 అక్టోబరులో మరో రకం పరీక్ష ఎదురైంది. 17న చెన్నై దగ్గర తీరం దాటిన వాయుగుండానికి ముందు భయపడినంత వాన చెన్నైలో పడలేదు. హెచ్చరిక తప్పింది కనుక ఇకపై వినక్కర్లేదు అన్న ధోరణి మొదలైంది. అప్పుడు విద్యార్థులతో రాయించినది ఒకటే: తుపాను ముందు హెచ్చరిక అంటే జరిగే అవకాశం ఎక్కువ అని అర్థం, తప్పక జరుగుతుందని కాదు. అంచనా ఎందుకు తప్పిందో మర్నాడు వివరించినవారు తర్వాతి అంచనాకు అర్హులు.

ఒక పని మాత్రం ఇంకా మిగిలే ఉంది. రాయలచెరువు కట్ట మీద నిలబడి అవ్వను లేపిన ఆ కంట్రిబ్యూటరు తీసిన ఫొటో కొన్ని ఫేస్‌బుక్ పేజీల్లో, టీవీల్లో కనిపించింది. ఎక్కడా ఆయన పేరు లేదు. ఆయన పత్రికలోనూ లేదు, మండలం పేరు, విలేకరి పేరుకు బదులు వేసే న్యూస్‌టుడే తరహా ఒక ముద్ర మాత్రమే ఉంది. ఈ మొత్తం అధ్యయనంలో అన్నిటికన్నా నమ్మదగిన సాక్షి పేరు పాఠకుడికి తెలియదు. మండల వార్తకు కూడా రాసినవారి పేరు, చూసిన సమయం వేయాలని మాకు తెలిసిన డెస్కులన్నిటినీ అడుగుతున్నాం. మా దగ్గర శిక్షణ ముగించి వెళ్లే పిల్లలకు ఇచ్చే చివరి అభ్యాసం కూడా అదే: తమ ఊరి చెరువు కట్ట మీదికి వెళ్లి, చూసింది చూసినట్టు రాసి, కింద పేరు, తేదీ, గంట వేసి తేవాలి.